చిన్నాన్న ఎడమచెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు నెలలకు పైగా ఒకటే వాదన నడిచింది. మనిషి ఆలోచన తలలో ఉండే మాంసమా, లేక మాంసంతో పనిలేని వేరే ఏదైనానా అని. తీరిక ఉన్నవాళ్లు కుర్చీలు వేసుకుని చేసే వాదన కాదు అది. జంషెడ్‌పూరులో, సిద్ధగోరాలో, రెండు గదుల క్వార్టరులో, ఎదురుగా మంచం మీద మనిషిని పెట్టుకుని చేసిన వాదన. ఆ మంచం మీద ఉన్నది మా చిన్నాన్న. నాకు అప్పుడు పదకొండేళ్లు. క్లాసులో ఫస్టు వచ్చేదాన్ని. అన్నీ నాకే తెలుసన్న పొగరు కూడా తక్కువేం కాదు.

మాది టెక్కలి దగ్గర పల్లె. నాన్న ముందుగా వచ్చి మోటార్లు బాగుచేసే పనిలో కుదురుకున్నాక తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు. చిన్నాన్న ఒక కాంట్రాక్టరు దగ్గర ఖలాసీగా చేరాడు. పెద్ద షెడ్డులో పైన పట్టాల మీద క్రేను నడుస్తుంటుంది. కింద నిలబడి, బరువు ఎప్పుడు ఎత్తాలో, ఎటు తీసుకెళ్లాలో, ఎక్కడ దించాలో డ్రైవరుకు చెప్పడం ఆయన పని. చెప్పడమంటే నోటితో కాదు. ఆ రొదలో పక్కనున్నవాడు అరిచినా వినిపించదు. అంతా చేత్తోనే. వేలు పైకి చూపి తిప్పితే ఎత్తమని, కిందికి చూపి తిప్పితే దించమని, బొటనవేలు ఎటు చూపితే అటు నడపమని, అరచేయి నేలకేసి బోర్లా పెట్టి అడ్డంగా ఊపితే ఆపమని అర్థం. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవే. ఆ షెడ్డులోకి ఆడవాళ్లూ పిల్లలూ వెళ్లేది లేదు, నాన్న పనిచేసేది వేరే చోట బల్ల ముందు కూర్చుని. అందుకే ఆయన చెయ్యి ఎలా మాట్లాడుతుందో ఇంట్లో నాన్నా, అమ్మా, పిన్నీ, నేనూ ఎవరమూ చూడలేదు.

ఆ క్రేను నడిపే ఆయనా మా వైపు మనిషే. బిర్సానగర్‌లో ఉండేవాడు. మేం క్రేన్ మామయ్య అనేవాళ్లం. ఎనిమిదేళ్లు చిన్నాన్నా ఆయనా ఒకే షిఫ్టులో పనిచేశారు, ఒకరు పైన, ఒకరు కింద. డ్యూటీలో నోరు విప్పే అవకాశం లేదు కాబట్టో ఏమో, ఇంటికొస్తే చిన్నాన్న నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఈయన నిద్దర్లో కూడా కబుర్లు సెప్తాడు, నేను ఊఁ కొట్టనేక సత్తన్నాను అని పిన్ని విసుక్కునేది. విసుక్కుంటూనే ఊఁ కొట్టేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం, డ్యూటీ దిగి సైకిలు మీద వస్తుంటే చక్రానికి కుక్క అడ్డం వచ్చింది. చిన్నాన్న పడ్డాడు. తల రోడ్డు పక్క రాయికి తగిలింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. కుడికాలు ఈడుస్తూ నడిచేవాడు, కుడిచెయ్యి మొద్దుబారిపోయింది. మాట పోయింది. పూర్తిగా పోయినా అంత బాధ ఉండేది కాదేమో, ఒక్కటి మిగిలింది. అన్నం పెడితే ‘అదే’. మంచినీళ్లిస్తే ‘అదే’. నీ పేరేంటి అని అడిగినా ‘అదే’. దేనికైనా అదే.

డాక్టరు నాన్నను పక్కకు పిలిచి, తలలో ఎడమవైపు మాటలుండే చోటు దెబ్బతిన్నదని, మళ్లీ రావచ్చు రాకపోవచ్చు అని చెప్పాడట. నాన్న అది తన పని భాషలోకి మార్చుకున్నాడు. లోపల తీగ చుట్టిన వైండింగు కాలిపోయింది, పైన బాడీ ఎంత బాగున్నా ఇక మోటారు తిరగదు అనేవాడు. ఆయన లెక్కలో ఆలోచనంటే తలలోని పదార్థం, అది చెడితే మనిషి చెడినట్టే.

కబురు విని ఊరి నుంచి వచ్చిన మా తాతయ్యకు ఈ మాట అసలు గిట్టేది కాదు.

“మనసు మాంసం కాదురా తలకాయలో దొరకడానికి,” అన్నాడు. “ఇంట్లో అద్దెకున్నోడు లాటిది. ఇల్లు అదిరితే లేచి ఎల్లిపోతాడు. ఈడి ఇల్లు మిగిలింది, మనిషి ఎల్లిపోనాడు.”

ఇద్దరూ రోజూ వాదించుకునేవారు. ఒకరిది ఒకరు ఒప్పుకున్నది లేదు. తమాషా ఏమిటంటే, ఎంత వాదించుకున్నా చివరికి ఇద్దరూ తేలేది ఒకచోటే. మంచం మీద ఉన్న మనిషిలో ఇక ఆలోచన లేదు. ఇది నాకు ఇప్పుడు తమాషాగా కనిపిస్తోంది కానీ, అప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు రెండు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరారంటే అది నిజమే అయి ఉంటుందనుకున్నాను.

పిన్నికి మాత్రం ఏ సిద్ధాంతమూ లేదు. కూరలో ఉప్పు నేకపోతే కంచం నా ఏపు తోత్తన్నాడు, మనిషున్నాడు మావయ్యా అని చెప్పింది. ఉప్పు నాలిక్కి తెలుత్తాది, దానికి మనసెందుకు అన్నాడు తాతయ్య. పిన్నికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు, పెళ్లై మూడేళ్లయింది.

నేను కూడా ఊరుకోలేదు. పరీక్ష పెట్టాను. చెంచా, తాళంకప్ప, పలక, దువ్వెన, ఇలా పది వస్తువులు మంచం మీద పరిచి ఒక్కొక్కటే ఎత్తి చూపి ఇదేంటి అని అడిగాను. పదికి పదిసార్లూ ‘అదే’ అన్నాడు. ఆరోదో ఏడోదో చూపేసరికి ఆయన ముఖం చెమట పట్టింది. నేను ఆపలేదు. పలక మీద పదికి సున్నా వేసి, టీచరులా కింద గీత కూడా గీశాను. మా చిన్నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఆ పలక తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రమే పక్కింటి అక్క గోడ మీంచి చిన్నాన్నకు ఎలా ఉందని అడిగింది. వాళ్లు బీహారు వాళ్లు, ఆమెతో నేను హిందీలోనే మాట్లాడేదాన్ని. చిన్నాన్న మంచం నాకు రెండడుగుల దూరంలో ఉంది. లోపల ఎవరూ లేరు దీదీ అని హిందీలో చెప్పాను, మార్కులు చెప్పినంత తేలిగ్గా. చిన్నాన్న ఎడమచెయ్యి మంచం మీంచి లేచింది. అరచేయి నేలకేసి ఉంది. అడ్డంగా రెండుసార్లు ఊగింది. ఈగలు తోలుకుంటున్నాడనుకున్నాను.

తాతయ్య నిర్ణయం చేసేశాడు. చిన్నాన్నను తనతో ఊరికి తీసుకెళ్తాడు, అక్కడ ఎవరో ఒకరు ఇంత ముద్ద పెడతారు. పిన్ని పుట్టింటికి వెళ్తుంది. చిన్నపిల్ల, దాని బతుకు ఎందుకు పాడవ్వాలి అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కోడలి మీద జాలితోనే అన్నాడు. నాన్న తల దించుకుని సరేనన్నాడు. నాన్న టాటానగర్ స్టేషన్‌కి వెళ్లి టిక్కెట్లు తెచ్చాడు. పిన్ని అడిగింది ఒక్కటే, క్రేన్ అన్నయ్య వచ్చేదాకా ఆగమని. చిన్నాన్న ఆసుపత్రిలో చేరిన రోజుల్లోనే ఆయన తల్లికి సుస్తీ చేసిందని ఊరెళ్లాడు, ఆవిడ పోయి, కర్మకాండలన్నీ ముగించుకుని ఇంకా రాలేదు. వచ్చి మాత్రం ఆయనేం చేస్తాడు అన్నారు అందరూ.

ప్రయాణానికి ఒక రోజు ముందు ఆయన వచ్చాడు. జుట్టు ఇంకా సరిగా పెరగని గుండు, చేతిలో అరటిపళ్లు. సైకిలు స్టాండు వేసి లోపలికి వస్తున్నాడు. ముంగిట్లో పిన్ని మిరపకాయలు ఆరబోసింది, సైకిలు వెనక చక్రం ఆ గోనెపట్టా మీదికి ఎక్కి ఉంది. మేమెవరమూ గమనించలేదు. వసారాలో మంచం మీద కూర్చున్న చిన్నాన్న ఎడమచెయ్యి లేచింది, బొటనవేలు గేటు వైపు కదులుతోంది. అది మేం రోజూ చూస్తున్నదే. నరాలు అదురుతున్నాయని అనుకునేవాళ్లం.

క్రేన్ మామయ్య ఉన్నచోటే ఆగిపోయాడు. అరటిపళ్లు కింద పెట్టి, వెనక్కి నడిచి, సైకిలు పట్టుకుని ఒక అడుగు గేటు వైపు జరిపాడు. బొటనవేలు ఇంకా కదులుతూనే ఉంది. ఇంకో అడుగు జరిపాడు. చక్రం గోనెపట్టా దిగింది. చిన్నాన్న అరచేయి నేలకేసి అడ్డంగా ఊగింది.

“అన్నా, మిరపకాయల మీంచి సైకిలు తియ్యమంతన్నాడు,” అన్నాడు మామయ్య నాన్నతో. “మీకు కనిపించడం నేదేటి?”

ఎన్నాళ్ల నుంచి ఇలా చేస్తున్నాడని అడిగాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ అని పిన్ని చెప్పింది. అన్నాళ్లూ మా ముందు కళ్లు తడి చేసుకోని పిన్ని అప్పుడు గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఈగలు గుర్తొచ్చాయి.

తాతయ్య అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు.

“బండి తోలేవోడు నిద్దరోయినా ఎడ్లు ఇంటికి వచ్చేత్తాయి,” అన్నాడు. “అది అలవాటు. అలవాటుకి మనసు అక్కర్నేదు బాబూ.”

న్యాయంగా చెప్పాలంటే అది కొట్టిపారేసే మాట కాదు. మామయ్య కూడా వాదించలేదు. కాసేపు చిన్నాన్న పక్కన కూర్చుని, రేపు రైలు ఎన్నింటికని అడిగాడు. సాయంత్రం ఆరింటికని నాన్న చెప్పాడు. అయితే సామాను నేను ఎక్కిత్తాను అని వెళ్లిపోయాడు.

మర్నాడు మూడు గంటలకు భుజాన మోకు వేసుకుని వచ్చాడు. రిక్షా అప్పటికే గేటు దగ్గర ఉంది. ముంగిట్లో మూడు సామాన్లు పెట్టి ఉన్నాయి, చిన్నాన్న ట్రంకుపెట్టె, పుట్టింటికి వెళ్లే పిన్ని బట్టల సంచి, తాతయ్య పరుపుచుట్ట. మావి వరసగా కట్టిన ఒంటి అంతస్తు క్వార్టర్లు, చదును కప్పులు. మాది వరసలో చివరిది, గేటు సరిగ్గా కప్పు కొస కిందే ఉంటుంది. మామయ్య నిచ్చెన వేసుకుని కప్పు మీదికి ఎక్కాడు. చిన్నాన్న మంచం ముంగిట్లోకి జరపమన్నాడు. మోకు కిందికి వదిలి ట్రంకుపెట్టెకు కట్టమన్నాడు. చేత్తో మోసుకెళ్లేదానికి ఇదేం పని, మనిషికి మతిపోయిందా అని నాన్న గొణిగాడు.

“సిగ్నల్ నేకుండా బరువు ఎత్తడం నాకు అలవాటు నేదన్నా,” అన్నాడు మామయ్య పైనుంచి. ఆ తర్వాత ఆయన నోరు విప్పలేదు.

పిన్ని వెళ్లి ముడి వేసింది. మామయ్య కప్పు అంచున నిలబడి చిన్నాన్న వంక చూస్తున్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. వీధిలో పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగి చూడటం మొదలుపెట్టారు. తాతయ్య విసుగ్గా తువ్వాలు దులుపుకున్నాడు. అప్పుడు చిన్నాన్న ఎడమచేతి చూపుడువేలు పైకి లేచి తిరిగింది. పెట్టె నేల వదిలింది.

మామయ్య అడగకుండానే గేటు వైపు నడవడం మొదలుపెట్టాడు, రిక్షా వైపు. కావాలనే చేశానని తర్వాత చెప్పాడు. చిన్నాన్న అరచేయి విసురుగా అడ్డం ఊగింది. పెట్టె గాల్లో ఆగి ఊగుతోంది. చిన్నాన్న పిడికిలి బిగించి అలాగే ఉన్నాడు. పెట్టె ఊగడం మానేవరకూ ఆగాడు. ఆగాక బొటనవేలు మా గుమ్మం వైపు తిప్పాడు. మామయ్య అటు నడిచాడు. దారిలో పిన్ని బట్టలారేసే తీగ ఉంది, పెట్టె దానికి తగలబోయింది. చిన్నాన్న మళ్లీ ఆపించి, వేలు పైకి తిప్పి, తీగ మీంచి దాటించి, అవతల కొంచెం కొంచెంగా దింపించాడు. పెట్టె మా గుమ్మం ముందు నేలకు ఆనింది. ఆ మనిషి కింద నిలబడి పనిచేసిన షెడ్డులో బట్టలారేసే తీగ లేదు. ఈ సంగతి నాకంటే ముందు తాతయ్యకే తట్టి ఉంటుంది, తువ్వాలు దులపడం మానేశాడు.

రెండోసారి పిన్ని సంచి కట్టారు. మామయ్య మళ్లీ గేటు వైపే కదిలాడు. చిన్నాన్న మళ్లీ ఆపాడు. సంచి కూడా గుమ్మం ముందుకే వచ్చింది, ట్రంకుపెట్టెకు ఆనుకుని. పిన్ని ఆ రెండింటి వంకా చూస్తూ నిలబడిపోయింది.

మూడోది తాతయ్య పరుపుచుట్ట. మామయ్య ఈసారి తనంతట తనే గుమ్మం వైపు నడిచాడు. అలవాటే అయితే అది కూడా అక్కడికే పోవాలి. చిన్నాన్న చెయ్యి అడ్డంగా ఊగింది. బొటనవేలు గేటు వైపు తిరిగింది. పరుపుచుట్ట గాల్లో ఊరేగుతూ గేటు దాకా వెళ్లి, అక్కడ కాస్త పైకి, కాస్త పక్కకు జరిగి, సరిగ్గా రిక్షా సీటు మీద దిగింది. వీధిలో చూస్తున్నవాళ్లు నవ్వేశారు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది.

తాతయ్య వెళ్లి కొడుకు పక్కన మంచం మీద కూర్చున్నాడు.

“నన్ను పంపించేత్తన్నావేట్రా?”

“అదే,” అన్నాడు చిన్నాన్న.

తాతయ్య తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత నాన్నతో, రెండు టిక్కెట్లు తిరిగి ఇచ్చేయమన్నాడు. ఆ సాయంత్రం ఆయనొక్కడే రైలెక్కాడు. వెళ్లేముందు పిన్ని చేతులు పట్టుకుని, నీ మాట విననేదు తల్లీ అని చెప్పాడట. ఇది పిన్నే చాలా ఏళ్లకు చెప్పింది.

మామయ్య కప్పు దిగి చేతులు కడుక్కుంటుంటే నేను నీళ్లు పోస్తూ అడిగాను. ఆలోచన తలలో ఉంటుందని నాన్న అంటాడు, మాంసంలో ఉండదని తాతయ్య అంటాడు, మరి ఎక్కడుంటుంది అని.

“నాకేటి తెలుసమ్మా,” అన్నాడు. “నేను పైనుంటాను, ఆడు కిందుంటాడు. మద్దిన సెయ్యి కనిపిత్తాది. దాన్ని సూడ్డమే నా డ్యూటీ.”

అప్పటి నుంచి మా ఇంట్లో వాదన ఆగిపోయింది. ఎవరూ గెలవలేదు. నాన్న తన వైండింగు మాట వదల్లేదు, కాకపోతే ఒక కాయిల్ కాలితే ఇంకో కాయిల్ మీంచి కరెంటు పోతుంది కాబోలు అని దాన్ని కొంచెం సవరించుకున్నాడు. పిన్ని వారం రోజుల్లో సైగలన్నీ నేర్చేసుకుంది. తర్వాత అమ్మా, నేనూ. సరిపోనివాటికి చిన్నాన్నే కొత్త సైగలు కల్పించాడు. మాటలు నెమ్మదిగా వచ్చాయి, ఏడాదికి నాలుగో అయిదో. మళ్లీ క్రేను కిందికి వెళ్లలేదు. తెలిసినవాళ్ల సామాన్ల దుకాణంలో ఎడమచేత్తో సరుకు సర్దే పని చూసుకున్నాడు. పిన్ని కుట్టుమిషను కొనుక్కుంది. వాళ్లకు ఇద్దరు పిల్లలు పుట్టారు. అంతా మామూలుగానే గడిచింది.

నేను ఆ గోడ దగ్గర అన్న మాట ఎవరికీ చెప్పలేదు. చిన్నాన్న విన్నాడో లేదో అని మొదట్లో భయపడేదాన్ని. ఆ దెబ్బలో ఆయనకు గుర్తుండి ఉండదని, ఒకవేళ విన్నా హిందీలో అన్నాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆయనకు నాకంటే బాగా హిందీ వచ్చని నాకు తెలుసు. అయినా అలాగే అనుకున్నాను.

ఇంటర్ చదివేటప్పుడు ఒక ఆదివారం వసారాలో కూర్చుని మెదడు పాఠం పైకి చదువుకుంటున్నాను. చిన్నాన్న పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. అప్పటికి ఆయన దగ్గర పాతిక మాటల దాకా ఉండి ఉంటాయి. వలవడం ఆపి నా పుస్తకంలో బొమ్మ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఒక్కొక్క మాటకూ చాలా వెతుక్కుంటూ, “అప్పుడు... లోపలే... ఉన్నాను” అన్నాడు.

కోపం లేదు ఆయన ముఖంలో. నేను అడిగిన ప్రశ్నకు ఆలస్యంగా జవాబిచ్చినట్టు చెప్పాడు. నేను పుస్తకం పక్కన పెట్టి ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన ఎడమచెయ్యి నా తల మీద వేసి, నేను తేరుకున్నాక మళ్లీ చిక్కుడుకాయలు తీసుకున్నాడు.

తర్వాత నేను బయాలజీ టీచరునయ్యాను. ఎన్నో ఏళ్లు బోర్డు మీద మెదడు బొమ్మ గీశాను. ఆలోచనకు బరువుంటుందా టీచర్ అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడిగేవారు. పుస్తకంలో ఉన్నది చెప్పి, మిగిలింది నాకు తెలియదని చెప్పేదాన్ని. ఆసుపత్రుల్లో మాట పడిపోయిన మనిషి తల దగ్గర నిలబడి, ఆయనకేం తెలుస్తుందిలే అని ఎవరైనా మొదలుపెడితే వాళ్లను గది బయటికి తీసుకొచ్చేస్తాను. దీనివల్ల ఒకరిద్దరు బంధువులతో మాటలు లేకుండా పోయాయి. పోతే పోయాయి.

లోపల ఎవరూ లేరన్న ఆ మాట నేను హిందీలో అన్నాను. ఆరేళ్ల తర్వాత ఆయన తెలుగులో జవాబిచ్చాడు. ఆ ఆరేళ్లూ అది ఆయన తలలో మాంసమై ఉందో, మాంసం కానిదేదో అయి ఉందో నేను చెప్పలేను. ఆయనలో ఉందని మాత్రం తెలుసు. చిన్నాన్న పోయి పదేళ్లు దాటింది. ఆ మాట ఇప్పుడు నా దగ్గర ఉంది.